జల్లెడలోంచి కింద పడినవి

గోవా
8 జులై 2024

మామూకి,

అస్సలాము అలైకుం. ఫోన్‌లో నీకేం చెప్పినా "ఆఁ? ఆఁ?" అని మూడుసార్లు అడిగి, చివరికి ముమానీ చేతికి ఇచ్చేస్తావు. నలభై ఏళ్లు రేకు మీద సుత్తి వేసిన చెవులాయె. అందుకే కాగితం తీశాను. ఉర్దూ రాయడం నాకూ రాదు, నీకూ రాదు. మనిద్దరికీ మునిసిపల్ బడి తెలుగే దిక్కు.

బక్రీదుకి వచ్చినప్పుడు నువ్వు బాగుచేసి ఇచ్చిన జల్లెడని ఇక్కడ మా ల్యాబ్‌లో అందరూ తిప్పి తిప్పి చూశారు. సన్నటి తీగ జాలీని చిరిగినంత మేర కత్తిరించి, చిన్న ఇత్తడి చట్రానికి ఎక్కించి, అంచుకి రెండు మడతలు వేశావని చెప్పాను. కొత్తది తెప్పించాలంటే మూడు నెలలు. నువ్వు ఒక్క పూటలో ఇచ్చేశావు.

పండగ హడావిడిలో నా పని గురించి నీకు సరిగ్గా చెప్పనేలేదు. హిందూ మహాసముద్రం మధ్యలో, మూడు కిలోమీటర్ల లోతున, అడుగున పేరుకున్న మట్టిని ఓడ మీంచి గొట్టం దించి తీశారు. ఆ మట్టి ఒక సెంటీమీటరు పేరుకోవడానికి దాదాపు వెయ్యేళ్లు పడుతుంది. అందులో ఫోరాములు అనే ఒకే కణం ఉన్న జీవుల గుల్లలుంటాయి. ఇసుక రేణువంత కూడా ఉండవు. నీటిలో తేలుతూ బతికి, చచ్చాక అడుక్కి చేరతాయి. నేను మట్టిని నీళ్లలో నానబెట్టి, నీ జల్లెడలో కడిగి, పైన మిగిలిన గుల్లల్ని మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెడతాను.

ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట ఆకాశం నుంచి ఒక పెద్ద బండ వచ్చి భూమికి తగిలింది. నెలల తరబడి వెలుతురు లేదు. రాక్షసబల్లులు పోయిన సంగతి అందరికీ తెలుసు. సముద్రంలో ఈ ఫోరాములు కూడా దాదాపు అన్నీ పోయాయి. మా మట్టిలో అది ఒక సన్నటి గీతలా కనిపిస్తుంది. గీతకి దిగువన పెద్ద పెద్ద గుల్లలు, చెక్కినట్టు గాడులతో, ఎన్నో రకాలు. గీతకి పైన ఆ పెద్దవేవీ ఉండకూడదు.

కానీ నాకు ఉన్నాయి మామూ. గీతకి పైన ఏడు నమూనాల్లో ఆ పెద్దవి దొరికాయి. అంటే మన సముద్రంలో అవి బతికి బయటపడ్డాయేమో. నా పని చూసే గైడు హేమశ్రీ మేడమ్ ఏడింటినీ మళ్లీ లెక్కపెట్టమన్నారు. సెప్టెంబరు 20న కమిటీ కూర్చుంటుంది. ఈ మాట నిలబడితే నా ఫెలోషిప్ పొడిగిస్తారు. లేకపోతే అక్టోబరులో పెట్టె సర్దుకుని కూర్మన్నపాలెంలో అమ్మీ దగ్గరికి వచ్చేయడమే.

ముమానీకి సలాం చెప్పు. చెవిలో మందు వేసుకుంటున్నావా?

నీ ఇర్ఫానా


పూర్ణా మార్కెట్, విశాఖపట్నం
16 జులై 2024

ఇర్ఫానా బేటీకి,

వ అలైకుం సలాం. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి పక్క పిండిమర తవిటయ్యకి చదివి వినిపించాను. పద్మనాభం నుంచి పొద్దుటి బస్సుకి వచ్చి మర తెరుస్తాడు కదా, ఆ తవిటయ్యే. అంతా విని, "మట్టి కడగడానికి గోవా ఎల్లాలేటి? మా మడిలో కావల్సినంత ఉంది, వొచ్చి కడుక్కోమను," అన్నాడు. నువ్వు నత్తల వ్యాపారంలో దిగావని అతని నమ్మకం. నేను సరిదిద్దలేదు, అదీ బాగానే ఉంది.

నాకు మాత్రం నిద్రలో కూడా నీ గీతే కనిపిస్తోంది. ఆరు కోట్ల ఏళ్ల నాటి గుల్ల నా జాలీ మీద నిలబడిందంటే మాటలా? మా అబ్బాజాన్ ఉంటే వీధంతా తిరిగి చెప్పేవాడు. ఆ రెండు మడతల అంచు ఆయన నేర్పిందే. పూర్ణా మార్కెట్లో మన మడత ఉన్న జల్లెడని పెళ్లి సామానులో పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చి, వారానికి రెండు బాగుచేతలు వస్తే ఎక్కువ.

సరే, నాకు కొన్ని అనుమానాలు. తిట్టుకోకు. నువ్వు దిగువ మట్టి ముందు కడుగుతావా, పై మట్టి ముందు కడుగుతావా? ఎందుకంటే తవిటయ్య మరలో చోళ్లు, అదే రాగులు, ఆడించాక వెంటనే బియ్యం పోస్తే, మొదటి కుంచం ఎర్రగా వస్తుంది. ఆ పిండి ఎవరూ తీసుకోరు, పశువులకి పోతుంది. మధ్యలో జల్లెడ ఎలా కడుగుతావు?

ఇంకొకటి. మా పనిలో జల్లెడ కింద పడినదే సరుకు, పైన మిగిలింది పొట్టు. నువ్వు పైన మిగిలినదే దాచుకుంటున్నానంటున్నావు. మరి కింద పడినదాన్ని ఏం చేస్తున్నావు?

చెవిలో మందు వేసుకుంటున్నాను. అబద్ధం. ముమానీ వేస్తోంది.

దువాలతో,
మామూ


గోవా
27 జులై 2024

మామూకి,

సలాం. నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత కొంచెం మనసు కష్టపెట్టుకున్నాను. దాచడమెందుకు, ఉన్నమాట రాస్తున్నాను.

దిగువ మట్టే ముందు కడిగాను. పాతది ముందు, కొత్తది తర్వాత. ప్రతి నమూనాకీ మధ్య జల్లెడని కుళాయి కింద అరగంట కడుగుతాను, బ్రష్షుతో రుద్దుతాను, ఆరబెడతాను, వెలుతురుకి ఎత్తి చూస్తాను. ఇది పిండిమర కాదు. ఇక్కడ ఒక్కో గుల్లకీ లెక్క ఉంటుంది. హేమశ్రీ మేడమ్ కూడా ఇవే ప్రశ్నలు అడిగారు. ఆవిడ అడిగితే అది ఆవిడ ఉద్యోగం అనుకున్నాను. నువ్వు అడిగితే ఎందుకో ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నేను సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన ప్రతి గవ్వనీ నమ్మినవాడివి నువ్వు. నీ చేతి పనిని నేను నమ్మాను. నా చేతిని నువ్వు నమ్మవా?

కింద పడేది ఉట్టి బురద మామూ. సింకులోకి పోతుంది. మా ల్యాబ్‌లో అందరూ అంతే.

కమిటీకి పంపే కాగితం రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. బట్టలు ఆరక అన్నీ బూజు వాసన.

ఇర్ఫానా


గోవా
14 ఆగస్టు 2024

మామూకి,

పద్దెనిమిది రోజులైంది, నీ దగ్గర్నుంచి ముక్క లేదు. ముమానీకి ఫోన్ చేశాను. నువ్వు బాగానే ఉన్నావట, కానీ కొట్టు సగం తలుపే తీస్తున్నావట. చోడిపిండీ బియ్యప్పిండీ పళ్లేలనిండా పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఆడుతున్నావట. ఫోన్ నీకిమ్మంటే తల అడ్డంగా ఊపావట. నా మీద అలిగావని అర్థమైంది.

పోయిన ఉత్తరంలో పిండిమర కాదు అని రాయకుండా ఉండాల్సింది. నీ పనిని తక్కువ చేసినట్టయింది. తప్పు నాది, క్షమించు. కోపం ఉంటే తిడుతూ రాయి, కానీ రాయి.

కాగితం పూర్తయింది. "పెద్ద ఫోరాములు బతికే ఉన్నాయి" అని మొదటి వాక్యంలోనే పెట్టాను. మేడమ్ ఇంకా సంతకం చేయలేదు.

నీ ఇర్ఫానా


పూర్ణా మార్కెట్
20 ఆగస్టు 2024

ఇర్ఫానా బేటీకి,

నీ మీద నాకు కోపమా? ఎవరు చెప్పారు? నీ ముందు తల ఎత్తుకోలేక రాయలేదు.

నువ్వు కుళాయి కింద అరగంట కడుగుతానన్నావు. అంత కడిగితే నీ చేతిలో తప్పుండదు, నాకు తెలుసు. అప్పుడు ఒకటే మిగిలింది, జల్లెడ. నీకు వేసిన మడతే ఇంకో చట్రానికి వేశాను. అదే చెయ్యి, అదే టంకం, అదే రెండు మడతలు. ఎర్రటి చోడిపిండి జల్లించాను. అరగంట కడిగాను, బ్రష్షుతో రుద్దాను, ఎండలో పెట్టాను, వెలుతురుకి ఎత్తి చూశాను. శుభ్రంగా ఉంది. తర్వాత బియ్యప్పిండి జల్లించాను. తెల్లటి పిండిలో ఎర్రటి నలకలు. మళ్లీ కడిగాను. మళ్లీ ఎరుపే. ఏడోసారి కూడా పోలేదు బేటీ.

కత్తెరతో మడత విప్పాను. లోపల చోడిపిండి కుట్టిన సంచిలో ఉన్నట్టు కూర్చుంది.

మా అబ్బాజాన్ మడత గట్టిదనం కోసం. జాలీ చిరగదు, పదేళ్లు వస్తుంది. వంటింట్లో నిన్నటి పిండి చిటికెడు ఇవాళ్టి పిండిలో కలిస్తే ఎవరికి నష్టం? నలభై ఏళ్లలో ఏ ఒక్కరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నీ దిగువ మట్టిలోని పెద్ద గుల్లలు నా మడతలో దూరి దాక్కుని, పై మట్టి కడిగేటప్పుడు ఒకటీ రెండూ బయటికొస్తున్నాయని నా అనుమానం. అనుమానం కాదు, నమ్మకం.

ఇది నాకు ఈ నెల మొదట్లోనే తెలిసింది. కమిటీ అయ్యేదాకా ఊరుకో, పిల్ల బతుకు పోతుంది అని మీ ముమానీ రసూల్ బీ చెయ్యి పట్టుకుంది. నేనూ ఊరుకున్నాను. రెండు వారాలు ఊరుకున్నాను, అదే నా తప్పు. నిన్న మధ్యాహ్నం తవిటయ్య అన్నాడు, "పిల్లకి సెప్పీ బావా. రేపు ఇంకెవుడో సెప్తే ఆ పిల్ల మొకం ఎక్కడెట్టుకుంటాది?" ఆ మాటకి లేచి కాగితం తీశాను.

నీ కాగితంలో రాసెయ్. తప్పు కడిగిన పిల్లది కాదు, జల్లెడ బిగించిన పూర్ణా మార్కెట్ కరీం బాషాది అని, పేరు పెట్టి రాయి. కొట్టు ముందు "జల్లెడలు బాగుచేయబడును" అన్న బోర్డు ఇవాళ తీసేశాను.

మామూ


గోవా
30 ఆగస్టు 2024

మామూకి,

నీ ఉత్తరం అందిన రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం తినలేదు. మూడో రోజు కోపం నా మీదికి తిరిగింది. జులైలోనే అడిగావు నువ్వు. నేను పొగరుగా జవాబిచ్చాను.

పక్క ల్యాబ్‌లో అడిగి నీలం రంగు మందు తెచ్చి, జల్లెడని అందులో ముంచాను. లోపల ఏ గుల్ల మిగిలి ఉన్నా నీలంగా మారుతుంది. తర్వాత వచ్చే నమూనాలో నీలం గుల్ల కనిపిస్తే అది పాతదని తెలిసిపోతుంది. ఇది ప్రతిసారీ చేయాల్సిన పని. మందు అయిపోయిందని, కుళాయి చాలనుకుని, జూన్ నుంచి నేను చేయలేదు. అది నా తప్పు, నీ ఖాతాలో వేయను. ముంచాక ఉట్టి నీళ్లు పోసి చూశాను. నలభై ఒక్క నీలం గుల్లలు రాలాయి. అన్నీ పెద్దవి, గాడులున్నవి. బ్లేడుతో మడత విప్పితే ఇంకా ఉన్నాయి. నేను బతికి బయటపడ్డాయని రాసినవన్నీ ఆరు కోట్ల ఏళ్ల కిందటే చచ్చి, నీ మడతలో పడుకుని ఉన్నాయి.

మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. కాగితం చింపి బుట్టలో వేసి, కమిటీ తారీకు మాత్రం మారదు అన్నారు. కమిటీకి చూపించడానికి ఇక నా దగ్గర ఫలితమే మిగల్లేదు. గదికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చాను.

తర్వాత నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. జులైలో ఇంకోటి కూడా అడిగావు, కింద పడినదాన్ని ఏం చేస్తున్నావని. మర్నాడు మేడమ్‌ని అదే అడిగాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు. వేరే సముద్రాల్లో అంత పెద్ద చావు తర్వాత మొదట కనిపించినవి చాలా చిన్నవట. మనం వాడే జల్లెడలోంచి సులువుగా జారిపోయేంత చిన్నవి. మన మట్టిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నేను సింకులో పోసేసింది పోయింది. ఒక్కో నమూనాలో చెంచాడు మట్టి మిగిలి ఉంది, అంతే.

సన్న జాలీ మా బీరువాలో అరచెయ్యంత ముక్క ఒకటుంది. చట్రం లేదు. కొత్త జల్లెడ నవంబరుకి గానీ రాదు. ఆ ముక్కని కొరియరులో పంపుతున్నాను. మడత వేయకుండా బిగించాలి, లోపల ఎక్కడా సందు ఉండకూడదు. ఇంకో ముక్క లేదు మామూ.

నీ పేరు తప్పు దగ్గర రాయమన్నావు కదా, ముందు ఈ పని చెయ్యి. తర్వాత మాట్లాడదాం. బోర్డు కూడా పెట్టు.

ఇర్ఫానా


పూర్ణా మార్కెట్
8 సెప్టెంబరు 2024

ఇర్ఫానా బేటీకి,

జాలీ అందింది. దాన్ని వెలుతురుకి పెడితే కన్నాలే కనబడలేదు. పట్టుబట్టలా ఉంది. నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఇంకో ముక్క లేదన్నావు. తిరిగి పంపేద్దామని కవరు కూడా కట్టాను. రసూల్ బీ విప్పింది.

ముందు టీ వడకట్టే జాలీ ముక్కల మీద సాధన చేశాను. మడత లేకుండా బిగించడమంటే, నడవడం వచ్చినవాడికి మళ్లీ పాకడం నేర్పినట్టుంది. చెయ్యి దానంతట అదే మడవబోతుంది. మొదటిది కాలిపోయింది. రెండోది వదులైంది. మూడోదానికి రెండు ఇత్తడి వలయాలు తీసుకున్నాను, ఒకటి ఇంకోదాని లోపలికి సరిగ్గా దిగేలా. జాలీని రెండింటి మధ్య నొక్కి పట్టి, మిగులు అంచు బయటికి వదిలి, టంకం బయట వైపే పెట్టాను. లోపల వేలు పెట్టి తిప్పితే ఎక్కడా సందు తగలదు. దానిమీద చోడిపిండి వేశాను, కడిగాను, బియ్యప్పిండి వేశాను. తెల్లగానే వచ్చింది. తవిటయ్య పిండి అరచేతిలో వేసుకుని, ఎండలోకి తీసుకెళ్లి చూసి, "ఒక్క నలక నేదు బావా," అన్నాడు.

అప్పుడు నీ ముక్క తీశాను. వలయం తవిటయ్య పట్టుకున్నాడు. నాకు చెమట కారి జాలీ మీద పడుతుందేమోనని నుదుటికి తువ్వాలు కట్టుకున్నాను. పావుగంట పని. ఆ పావుగంటలో నేను అబ్బాజాన్‌ని తలుచుకోలేదు, ఆయన మడత గుర్తొస్తుందని.

పెట్టెలో దూది చుట్టి పంపుతున్నాను. ముందు నీలం మందులో ముంచు. ఈసారి నా మాట కూడా నమ్మకు.

మామూ


గోవా
23 సెప్టెంబరు 2024

మామూకి,

సలాం. ముందు నీలంలో ముంచాను. ఉట్టి నీళ్లు పోశాను. ఒక్కటీ రాలలేదు.

తర్వాత గీతకి సరిగ్గా పైనున్న మట్టి చెంచాడు కడిగాను. పాత జల్లెడలో ఆ నమూనాకి ఏమీ రాలేదని నేను సున్నా రాసుకున్నది అదే. మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు లేవలేదు. అతి సన్నటి గుల్లలు, ఒక్కోదానికీ చిన్న చిన్న గుండ్రటి గదులు, మూడేసి వరసల్లో, ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి, వెయ్యి దాటాక ఆపాను. ఎక్కడా నీలం లేదు. వెలుతురు పోయి, తిండి పోయి, పెద్దవన్నీ చచ్చిన సముద్రంలో అవి బతికాయి. గాడులు లేవు, అందం లేదు. తక్కువతో బతకగలవు, త్వరగా పిల్లల్ని పెట్టగలవు. వాటిని నేను నెలన్నర పాటు సింకులో పోశాను.

కమిటీ ముందు మొదట తప్పే చెప్పాను. మడత సంగతి, మందు ముంచని సంగతి, నలభై ఒక్క నీలం గుల్లల సంగతి. ఒక పెద్దాయన, ఒకసారి పొరబడిన దానివి, ఈసారి ఎలా నమ్మాలి అని అడిగారు. రెండు జల్లెడలూ బల్ల మీద పెట్టాను. ఆయన కొత్తదాని లోపలి అంచు చుట్టూ వేలు తిప్పి, ఎవరు చేశారని అడిగారు. చెప్పాను. రెండేళ్లు అడిగితే ఒక్క ఏడాది ఇచ్చారు. చాలు.

నా కాగితంలో ఈ వాక్యాలు ఉన్నాయి, మేడమ్ సంతకం కూడా అయింది: "మొదటి ఫలితం తప్పు. జల్లెడ అంచు మడతలో పాత గుల్లలు నిలిచిపోయాయి. రంగు పరీక్ష చేయకపోవడం రచయిత్రి లోపం. మడత లోపాన్ని కనిపెట్టినదీ, రెండో జల్లెడని బిగించినదీ, కింద పడినదాన్ని చూడమన్నదీ కరీం బాషా, పూర్ణా మార్కెట్, విశాఖపట్నం." తప్పు దగ్గరే నీ పేరు అడిగావు. తప్పు దగ్గరే ఉంది, చూసుకో.

దీనితో ఆ కాగితం నకలూ, ఒక అట్టముక్కా పంపుతున్నాను. మధ్యలో నల్లటి గుంటలో అవి పన్నెండు ఉన్నాయి. నీకు.

నీ ఇర్ఫానా


పూర్ణా మార్కెట్
5 అక్టోబరు 2024

ఇర్ఫానా బేటీకి,

నీ అట్టముక్క అందింది. కళ్లద్దాలతో చూశాను, ఏమీ లేదు. గడియారాల కొట్టు నుంచి భూతద్దం తెచ్చి చూశాను, ఏమీ లేదు. తవిటయ్య ఎండలోకి పట్టుకెళ్లి, "ఇందులో ఏటున్నాయి బావా, ఉట్టి నలుపే," అన్నాడు. పన్నెండున్నాయని చెప్పాను. నాకు కనబడకపోయినా ఉన్నాయని ఒప్పుకోవడం ఈ రెండు నెలల్లో నేర్చుకున్నాను.

నా పేరున్న కాగితాన్ని రసూల్ బీ అందరికీ చూపిస్తోంది. మొదటి వాక్యమే తప్పుతో మొదలైందేమిటని మీ అమ్మీ కూర్మన్నపాలెం నుంచి ఫోన్ చేసి అడిగిందట. అదే నాకు నచ్చిందని చెప్పమన్నాను. చదివి కాసేపు కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచను.

బోర్డు మళ్లీ పెట్టాను. వంటింటికయితే పాత మడతే వేస్తాను. ఎవరైనా మట్టి కడగడానికంటే వలయాలు వేస్తాను. ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఒక్క అనుమానం మిగిలింది. పోయినసారిలా విసుక్కోకుండా విను. ఆ కొత్త జల్లెడలోంచి కూడా తెల్లటి నీళ్లు కిందికి పడుతూనే ఉంటాయి కదా. వాటిని పారబోస్తున్నావా?

మామూ